పంచదార అడగని కాఫీ

రేపు పొద్దున కాఫీ కలుపుకున్నాక, పంచదార వేయకముందే ఒక్క గుక్క తాగి చూడండి. మొహం చిట్లించకుండా మింగగలిగారా? అయితే మీ ఇంట్లో కాఫీ బాగున్నట్టే. ఇక ఇది సరదాకి చదువుకోవచ్చు. మింగలేకపోయారా? తప్పు కాఫీ గింజది కాదు, మీ నాలుకదీ కాదు. పొడి నుంచి పాల దాకా మధ్యలో ఎక్కడో ఓ లెక్క తప్పుతోంది. దాన్ని పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. వేలు పోసి మెషీన్ కొనక్కర్లేదు. అమ్మమ్మల కాలం నాటి స్టీలు ఫిల్టర్, వంటింటి తూకం మెషీన్ ఒకటి, ఫోన్లో టైమర్. ఈ మూడూ చాలు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఉండేది హైదరాబాద్. ఆఫీసులో రోజంతా నా పని ఒకటే: రాసిన ప్రోగ్రామ్ ఎందుకు పనిచేయట్లేదో వెతకడం. దానికో పద్ధతుంది. ఒకేసారి పది మార్పులు చేయకూడదు. ఒక్కటి మార్చాలి, ఏం జరిగిందో చూడాలి, రాసిపెట్టుకోవాలి. అదే పద్ధతిని నేను కాఫీ ఫిల్టర్‌కి వాడాను. ఊసుపోక మొదలుపెట్టింది కాదు. కారణం మా నాన్న షుగర్ రిపోర్టు.

నాన్న గ్లాసులో లెక్క

మాది తెనాలి. నాన్నకి రోజుకి నాలుగు కాఫీలు పడాలి. లేవగానే ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, సాయంత్రం రెండు. గ్లాసుకి రెండు స్పూన్ల పంచదార. కిందటేడు ఆయనకి షుగర్ ఉందని తేలింది. డాక్టర్ గారు చెప్పినవాటిలో అన్నం తగ్గించడానికి ఒప్పుకున్నారు. పొద్దున్నే నడవడానికీ ఒప్పుకున్నారు. కాఫీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండికేశారు. "పంచదార లేని కాఫీ కాఫీయేనా? కషాయంరా అది. అంతకన్నా వేపాకు రసం తాగొచ్చు" అన్నారు.

ఒక టీస్పూన్ పంచదార సుమారు 4 గ్రాములు. గ్లాసుకి రెండు, రోజుకి నాలుగు గ్లాసులు... మొత్తం 32 గ్రాములు. నెలకి దాదాపు ఒక కిలో. మనం విడిగా కలుపుకునే చక్కెరలు రోజు తిండిలో పదో వంతు శక్తికి మించకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మామూలు పెద్దవాళ్లకి ఆ 5 శాతం అంటే రోజుకి దగ్గర దగ్గర 25 గ్రాములు. నాన్న ఒక్క కాఫీతోనే అది దాటేస్తున్నారు. ఇక షుగర్ ఉన్న మనిషికి చెప్పేదేముంది?

అమ్మ పంచదార డబ్బా దాచేసింది. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు నుంచి నాన్న సెంటర్లో హోటల్‌కి వెళ్లి తాగడం మొదలెట్టారు. అక్కడ స్పూన్ల లెక్క కూడా ఉండదు! ఫోన్లో అమ్మ గోల, పక్కనుంచి నాన్న గొణుగుడు. ఆ రాత్రి నాకు అనిపించిందిదీ: పంచదార ఎలా మాన్పించాలన్నది తర్వాత. అసలు ఆ కాఫీకి అంత పంచదార ఎందుకు కావాల్సి వస్తోంది?

చేదు ఎక్కడినుంచి వస్తుంది?

వేయించిన కాఫీ గింజ బరువులో నీళ్లలో కరిగేది సుమారు 30 శాతమే. మిగతాదంతా పిప్పి. ఆ కరిగేదైనా ఒకేసారి దిగదు, వరసలో దిగుతుంది. ముందు పులుపు, ఘుమఘుమలాడే వాసన. తర్వాత తీపి. ఆఖర్న చేదు, వగరు. అమెరికాలో 1950ల్లో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త దీనిమీద పనిచేసి, పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీళ్లలోకి దిగితే రుచి కుదురుతుందని లెక్క కట్టారు. అది మనలా చిక్కటి డికాషన్ తీసి పాలు కలుపుకునేవాళ్ల కోసం వేసిన లెక్క కాదు, బ్లాక్ కాఫీది. కానీ సూత్రం మనకీ అదే: తక్కువ దిగితే పులుపు, మరీ ఎక్కువ దిగితే చేదు.

అంటే మన పని, మంచిదంతా దిగాక చేదు దిగేలోపు ఆపడం. అంతే!

మన ఇళ్లలో ఆ చేదు వచ్చే దారులు ఐదు. గింజని మాడేదాకా వేయించడం ఒకటి. వేరుశెనగపప్పు దోరగా వేగితే కమ్మగా, ఒక్క నిమిషం ఎక్కువైతే చేదుగా ఉంటుంది కదా, ఇదీ అంతే. రెండోది, చికోరీ ఎక్కువున్న పొడి. మూడోది, పొడి మరీ మెత్తగా ఉండి నీళ్లు గంటల తరబడి దిగడం. నాలుగోది, దిగిన డికాషన్‌ని గిన్నెలో పోసి మళ్లీ మరిగించడం. ఐదోది, రెండో డికాషన్.

ఈ రెండో డికాషన్ గురించి కాస్త చెప్పాలి. పొద్దున వాడిన పొడి మీదే మళ్లీ మరిగే నీళ్లు పోసి తీస్తారే, అది. మా ఇంట్లో నాన్న సాయంత్రం కాఫీలు రెండూ దాంతోనే. అమ్మని తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు. ఒక్క జీతంతో ఇల్లు నడిపి, ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి కాఫీ పొడి పొదుపు చేయడంలో తప్పేముంది? కానీ రుచి లెక్క వేరు. పులుపు, తీపి, వాసన అన్నీ మొదటిసారే దిగిపోయాయి. రెండోసారి దిగడానికి మిగిలింది చేదే. ఆ చేదుని దాచడానికి రెండు స్పూన్లు. పొడిలో మిగిల్చింది పంచదారలో పోతోందన్నమాట.

ముందు ప్యాకెట్ వెనక చదవండి

కాఫీ పొడి ప్యాకెట్ ముందువైపు పొగలు కక్కే గ్లాసు బొమ్మ ఉంటుంది. అసలు సంగతి వెనక ఉంటుంది. చికోరీ కలిపిన పొడైతే కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది ముద్రించాలని నిబంధన. చికోరీ 49 శాతం దాటకూడదు. అంటే ప్యాకెట్లో దాదాపు సగం చికోరీ ఉన్నా చట్టం ప్రకారం తప్పు కాదు!

చికోరీ అంటే విషమేం కాదు. అదో మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు. డికాషన్‌కి నలుపు, చిక్కదనం ఇస్తుంది. పాలు పోసినా రంగు నిలబడుతుంది. ఫిల్టర్ కాఫీ అనగానే మన నాలుకకి గుర్తొచ్చే రుచిలో దానికీ వాటా ఉంది. అందుకే పూర్తిగా మానేయమని చెప్పను. కానీ 60:40 పొడిలో చేదు ముందుకొస్తుంది, కాఫీ వెనక్కి పోతుంది. 80:20 నుంచి మొదలుపెట్టండి. అలవాటయ్యాక 90:10 చూడండి.

తర్వాత చూడాల్సింది తేదీ. గింజ వేయించిన రోజు నుంచే వాసన తగ్గుతూ వస్తుంది. పొడి కొట్టాక ఇంకా తొందరగా పోతుంది, ఎందుకంటే గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆఫర్ ఉందని కిలో కొనేకన్నా, పదిహేను రోజులకి సరిపడా పావుకిలో కొనుక్కోవడం మేలు. మీ ఊళ్లో గింజలు ఎదురుగా మర పట్టి ఇచ్చే కాఫీ పొడి కొట్టు ఉంటే అదృష్టవంతులు. నేరుగా అక్కడికే వెళ్లండి. ఇంటికొచ్చాక గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టండి. రోజూ వాడే డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. పక్కనున్న ఉల్లిపాయ వాసన కూడా పడుతుంది.

ఇక అరబికా, రొబస్టా అన్న మాటలు. అరబికా సువాసన, కాస్త పులుపు, మెత్తని రుచి. రొబస్టా గట్టి రుచి, చేదు ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. కొట్లో 'పీబెర్రీ' అంటే అదో కొత్త జాతి అనుకోకండి. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కొన్ని పండ్లలో ఒక్కటే, గుండ్రంగా, బఠాణీలా పెరుగుతుంది. అదే పీబెర్రీ.

ఒక గ్లాసుకి నలభై పండ్లు

మంచి అరబికా కోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో ఆదివాసీ రైతులు పండిస్తున్నారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకి పాకిన మిరియాల తీగలు... అరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే సమయంలో చిక్కమగళూరు, కూర్గ్, బాబా బుడన్‌గిరి అరబికాలకీ, వయనాడ్ రొబస్టాకీ ఇచ్చారు. అరకు కాఫీ పేరుతో పారిస్‌లో 2017లోనే కొట్టు తెరిచారు. 1956లో మొదలైన మన గిరిజన సహకార సంస్థ కూడా రైతుల దగ్గర గింజ కొని పొడి అమ్ముతోంది.

పండు ఎర్రగా పండాకే కోయాలి. చెట్టు మీద అన్నీ ఒకేసారి పండవు కాబట్టి, ఒక్కో చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి చేత్తో ఏరాలి. తర్వాత తొక్క తీయాలి, కడగాలి, ఎండబెట్టాలి, పొట్టు తీయాలి. వేయించిన గింజలు గ్రాముకి ఏడో ఎనిమిదో తూగుతాయి. పండుకి రెండు గింజలు. అంటే గ్లాసుకి 10 గ్రాముల అచ్చమైన కాఫీ పొడి వాడితే, అందులో నలభై పండ్ల దాకా ఉన్నట్టు. ఎక్కడో ఒక మనిషి కొండ మీద నిలబడి ఒక్కొక్కటే కోసినవి. అంత పనిని రెండు స్పూన్ల పంచదారలో ముంచేస్తే, గింజ మంచిదైనా కాకపోయినా మనకి తేడా తెలియదు. తేడా తెలియనప్పుడు మంచి గింజకి మంచి ధర ఎవరిస్తారు?

మరి ఇన్‌స్టంట్? దాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. మా తెనాలి పక్కనే దుగ్గిరాల. చుట్టుపక్కల ఒక్క కాఫీ తోట లేదు, అంతా పసుపు, వరి. అయినా అక్కడి ఫ్యాక్టరీ నుంచి ఇన్‌స్టంట్ కాఫీ దేశదేశాలకి వెళ్తోంది. ఇన్‌స్టంట్ అంటే ముందే డికాషన్ తీసి, నీరంతా పోయేలా ఆరబెట్టిన పొడి. అర్ధరాత్రి కాల్ ఉన్నప్పుడు నేనూ అదే కలుపుకుంటాను. కానీ అందులో డికాషన్ ఎలా తీయాలో ఫ్యాక్టరీ ఎప్పుడో నిర్ణయించేసింది. మీ రుచికి తగ్గట్టు మార్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఫిల్టర్లో అయితే అన్నీ మీ చేతిలోనే ఉంటాయి.

కొలిస్తే సగం పని అయినట్టే

"కాస్త పొడి, కాసిన్ని నీళ్లు" అంటే రోజుకో రుచి వస్తుంది. స్పూనుతో కొలిచినా అంతే. మెత్తటి పొడి స్పూనులో ఎక్కువ పడుతుంది, గరుకు పొడి తక్కువ పడుతుంది. అందుకే తూకం. వంటింటి చిన్న తూకం మెషీన్ 500 రూపాయల లోపే దొరుకుతుంది. కాఫీ కోసం నేను కొనమని చెప్పే కొత్త వస్తువు ఇదొక్కటే.

ఇద్దరికి నా లెక్క: పొడి 20 గ్రాములు, నీళ్లు 120 మి.లీ. ఒక గ్రాము పొడి దాదాపు 2 మి.లీ. నీళ్లు తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అంటే 40 మి.లీ. పిప్పిలోనే ఉండిపోయి, 80 మి.లీ. డికాషన్ దిగుతుంది. గ్లాసుకి 40 మి.లీ. డికాషన్, 100 మి.లీ. పాలు. మీకు స్ట్రాంగ్ కావాలంటే పాలు తగ్గించండి. అంతేగానీ పొడి మీద ఇంకో గ్లాసు నీళ్లు పోయకండి.

పొడి ఎంత మెత్తగా ఉండాలి? రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తటి ఉప్పులా గరగరలాడాలి. గోధుమపిండిలా జారిపోతే మరీ మెత్తన, చుక్కలు ఆగిపోతాయి. బొంబాయి రవ్వలా ఉంటే మరీ గరుకు, నీళ్లు రెండు నిమిషాల్లో జర్రున దిగిపోయి డికాషన్ పల్చగా వస్తుంది.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. గ్లాసులో ఎక్కువ భాగం అవే కదా! బోరు నీళ్లు మరీ గట్టిగా ఉంటే రుచి చప్పబడుతుంది. ఆర్వో నీళ్లలో ఖనిజాలు మరీ తగ్గిపోతే కాఫీలో పస ఉండదు. కాఫీ నిపుణులు టీడీఎస్ 150 దగ్గర ఉంటే మంచిదంటారు. 75 నుంచి 250 దాకా ఫర్వాలేదు. మీ ఇంటి ఆర్వో మెషీన్ మీద అంకె కనిపిస్తుంటే ఓసారి చూడండి. మరీ తక్కువుంటే కాచిన కుళాయి నీళ్లు కొంచెం కలపండి.

వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ అక్కర్లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. వైజాగ్‌లో, తెనాలిలో అయితే 100. తెర్లాక పొయ్యి ఆపి, హైదరాబాద్‌లో అర నిమిషం, కోస్తాలో ఒక నిమిషం ఆగి పోస్తే సరిపోతుంది.

ఇక ఫిల్టర్ పెడదాం

1. ముందు ఖాళీ ఫిల్టర్‌ని వేడి నీళ్లతో తొలిచి, తుడవండి. చల్లటి స్టీలు మీద పోస్తే నీళ్ల వేడి అక్కడే పోతుంది. చిల్లులు మూసుకుపోయి ఉంటే దీపం వెలుగులో కనిపిస్తాయి, బ్రష్‌తో రుద్దండి.

2. పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేసి, పక్కనుంచి మెల్లగా తట్టి చదును చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్లని దానిమీద ఊరికే ఆనించండి. గట్టిగా అదమొద్దు. అదిమితే నీళ్లు దారి దొరక్క ఆగిపోతాయి.

3. ముందు 40 మి.లీ. నీళ్లు చుట్టూ తిప్పుతూ పోయండి. 40 సెకన్లు ఆగండి. పొడి తాజాదైతే బుడగలొస్తాయి. వేయించినప్పుడు గింజలో ఉండిపోయిన గ్యాస్ బయటికి పోతోందని అర్థం. అది పోకపోతే నీళ్లు పొడిలోకి సరిగ్గా ఇంకవు.

4. మిగతా 80 మి.లీ. పోసి మూత పెట్టండి. టైమర్ ఆన్ చేయండి. 15 నుంచి 20 నిమిషాల్లో డికాషన్ దిగిపోవాలి. ఈలోగా స్నానం ముగించుకోవచ్చు.

5. పాలు విడిగా కాచండి. ఒక్క పొంగు రాగానే దింపేయండి. ఎక్కువసేపు మరిగితే మీగడ కట్టి, మాడు వాసన వస్తుంది. పాలల్లో సహజంగానే కాస్త తీపి ఉంటుంది. కాఫీకి అదీ తోడే.

6. గ్లాసులో ముందు డికాషన్, తర్వాత వేడి పాలు. గ్లాసు నుంచి డబరాలోకి, డబరా నుంచి గ్లాసులోకి రెండు మూడుసార్లు ఎత్తి పోయండి. నురగ వస్తుంది, నాలుక కాలని వేడికి దిగుతుంది. డికాషన్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పొయ్యి మీద పెట్టొద్దు.

తేడా వస్తే ఏం మార్చాలి?

చేదుగా ఉంది, చుక్కలు అరగంట దాటినా దిగుతున్నాయి: పొడి కాస్త గరుకుగా పట్టించండి. చేదుగా ఉంది, టైమ్ మాత్రం సరిగ్గానే ఉంది: చికోరీ తగ్గించండి, లేదా మరీ నల్లగా వేయించని పొడి తీసుకోండి. పుల్లగా, పల్చగా ఉంది, నీళ్లు అయిదు నిమిషాల్లో దిగిపోయాయి: పొడి కాస్త మెత్తగా పట్టించండి. పుల్లగా ఉంది, టైమ్ బాగానే ఉంది: నీళ్లు ఇంకొంచెం వేడిగా పోయండి. రుచీ పచీ లేదు: పొడి పాతబడింది, కొత్తది తెండి.

ఒక్క రోజుకి ఒక్క మార్పే. పొడి, నీళ్లు, టైమ్ అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు. ఫోన్లో నోట్స్‌లో రోజుకో లైను రాసుకోండి. వారం తిరిగేసరికి మీ ఇంటి లెక్క మీకు దొరుకుతుంది.

హాస్టల్లోనో పీజీలోనో ఉండి, ఫిల్టర్ లేదా? ఫ్రెంచ్ ప్రెస్ సులువు. గరుకు పొడి, గ్రాముకి 15 మి.లీ. నీళ్లు, నాలుగు నిమిషాలు, అంతే. పాలు లేకుండా తాగేవాళ్లకి బాగుంటుంది. పాలతో చిక్కగా కావాలంటే ఇటలీలో 1933లో వచ్చిన మోకా పాట్ బెటర్. కానీ పొయ్యి కావాలి, గరగర శబ్దం రాగానే దింపేయాలి. నన్నడిగితే మాత్రం మన స్టీలు ఫిల్టరే. కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, పగలదు. అమ్మ దగ్గర అటక మీద ఒకటి ఉండే ఉంటుంది, అడగండి.

నాన్న ఒప్పుకున్నారా?

సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు తూకం మెషీన్ పట్టుకెళ్లాను. అమ్మ చూసి, "బంగారం తూస్తావేంట్రా?" అని నవ్వింది. మొదటివారం పొడి మాత్రమే మార్చాం, 60:40 నుంచి 80:20కి. పంచదార జోలికి పోలేదు. రెండోవారం, నేను హైదరాబాద్ వచ్చేశాక, అమ్మ కొలతలు పట్టుకుంది. మూడోవారం రెండో డికాషన్ ఆపింది. బదులుగా పొద్దునే 40 గ్రాములతో పెద్ద ఫిల్టర్ పెట్టి, సగం డికాషన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడుతుంది. సాయంత్రం దాన్ని కాచకుండా, మరీ వేడిగా ఉన్న పాలు పోస్తే సరిపోతుంది.

నాలుగోవారం నేను తెనాలి వెళ్లి రెండు గ్లాసులు నాన్న ముందు పెట్టాను. ఒకటి పాత పద్ధతిలో రెండో డికాషన్, ఇంకోటి కొత్తది. రెండింట్లోనూ పంచదార లేదు. ఏది ఏదో చెప్పలేదు. మొదటిది ఒక గుక్క తాగి పక్కన పెట్టేశారు. రెండోది తాగి, కాసేపు ఆగి, మళ్లీ తాగారు.

"ఇది తాగొచ్చురా" అన్నారు. వెంటనే, "అలాగని పూర్తిగా మానేస్తానని కాదు. ఒక స్పూన్ వెయ్యి" అన్నారు.

ఆ ఒక స్పూన్ నుంచి వారానికి పావు స్పూన్ చొప్పున అమ్మ తగ్గించుకుంటూ వచ్చింది. ఇప్పుడు గ్లాసుకి అర స్పూన్. నాలుగు కాఫీలూ అలాగే ఉన్నాయి, రోజుకి 32 గ్రాములు కాస్తా 8 అయింది. హోటల్ కాఫీ మానేశారు. "వాడి కాఫీలో పంచదార తప్ప ఏం లేదు" అట! నాన్న షుగర్ కాఫీ వల్లే తగ్గిందని నేను రాయను. మందులున్నాయి, నడకుంది, అన్నం తగ్గింది. పాలల్లోనూ చక్కెర ఉంటుంది కాబట్టి ఎన్ని గ్లాసులన్నది డాక్టర్ గారినే అడగాలి. నేను చెప్పగలిగేది ఒక్కటే. పోట్లాడితే తగ్గని పంచదార, డికాషన్ బాగుపడ్డాక తగ్గింది.

ఎప్పుడు తాగాలి, ఎంత తాగాలి?

80:20 పొడి 10 గ్రాములతో చేసిన గ్లాసులో, అరబికా అయితే, కెఫీన్ 100 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. రొబస్టా కలిస్తే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటారు. గర్భిణులు 200 దాటకూడదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండింటికి కూడా సగం మీతోనే ఉంటుంది. నిద్ర పట్టట్లేదని రీల్స్ చూస్తూ పడుకునేవాళ్లు ఈ లెక్క ఓసారి వేసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుందా? చాలామంది పరగడుపునే మాత్ర వేసుకుని, ఆ వెంటనే కాఫీ తాగేస్తారు. కాఫీ వల్ల ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్ మాత్రలూ కాఫీ వల్ల సరిగ్గా పట్టవు, వాటికి ఇంకా ఎక్కువ గ్యాప్ కావాలి. భోజనం చేస్తూ, చేయగానే కాఫీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ కూడా తక్కువగా పడుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికీ కాఫీకీ మధ్య ఓ గంట గ్యాప్ ఇవ్వాలి.

ఖర్చు కూడా చెప్పేస్తా. నేను కొనే పొడి పావుకిలో 220 రూపాయలు. గ్లాసుకి 10 గ్రాములంటే 9 రూపాయల లోపే. పాలు ఇంకో 7 రూపాయలు. మొత్తం 16. మా ఆఫీసు కింద కెఫేలో కాపచీనో 240, ట్యాక్స్ అదనం. స్నేహితులతో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి అక్కడికి వెళ్లండి, తప్పులేదు. రుచి కోసమే అయితే ఇంట్లో పావుగంట చాలు.

ఈ ఆదివారం అటక మీద ఫిల్టర్ దింపి, చిల్లులు శుభ్రం చేయండి. పావుకిలో తాజా పొడి తెచ్చుకోండి. 20 గ్రాములు తూచండి. మొదటి గ్లాసు మీరు తాగకుండా, ఇంట్లో పంచదార తగ్గించాల్సిన వాళ్లెవరున్నారో వాళ్లకివ్వండి. ఏమీ చెప్పొద్దు. పంచదార డబ్బా మాత్రం ఓ రెండు నిమిషాలు ఆలస్యంగా అందించండి.